లంక గొర్రెకు జాతి రాసిన రోజు

ఇంటిపట్టున ఉంటున్న నన్ను కుర్రవాళ్ళు పలకరిస్తే మొదట అడిగే ప్రశ్న ఒకటే. "తాతగారూ, తమరు ఆనకట్ట మీద పనిచేశారాండీ?" అడగడం సహజమే. నా ఈడువాళ్ళలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చిన ప్రతివాడూ ఆ రోజుల్లో ధవళేశ్వరం వెళ్ళి ఆ పనుల్లో చేరాడు. నేనూ మూటాముల్లె సర్దుకున్నాను గాని, బయలుదేరే వారంలో చలిజ్వరం పట్టుకుని రెండు నెలలు మంచం దిగనివ్వలేదు. లేచేసరికి అక్కడి ఖాళీలు నిండిపోయాయి. మిగిలింది గొర్రెల కొలువు.

అవును, గొర్రెలే. ఆ మాట చెప్పగానే కుర్రవాళ్ళ ముఖాలు వాడిపోతాయి. మా అత్తవారింట్లో అయితే నన్ను చాలాకాలం "గొర్రెల గుమాస్తా" అనే పిలిచేవారు. ఆ తరవాత సర్కారు కచేరీల్లో ముప్పయ్యేళ్ళు పనిచేసి, పెద్ద పెద్ద దస్త్రాలు రాశాను. అందులో ఒక్కటీ నాకు గుర్తు లేదు. నేను రాసిన వాటిలో తలుచుకుంటే ఛాతీ పొంగేది గొర్రె మీద రాసిన ఒక కాగితం. అంతకు ముందు అదే గొర్రె మీద రాసిన ఇంకో కాగితం తలుచుకుంటే తల వంగిపోతుంది. రెండూ చెబుతాను.

ముక్తేశ్వరం దగ్గర గోదావరి నడుమ మేటవేసిన రెండు లంకలను ఒక దొర గుత్తకు తీసుకున్నాడు. ఎగువ లంక, దిగువ లంక అనేవాళ్ళం. ఆయనది సొంత వ్యవహారం. సముద్రాలవతల నుంచి ఓడలో పదకొండు ఉన్ని పొట్టేళ్ళు తెప్పించాడు. అవి రేవులో దిగిన రోజు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పడవలు కట్టుకుని చూడవచ్చారు. పరుపు లేచి నడిచినట్టుండేవి. మెడ మీద ముడతలు, మెలితిరిగిన కొమ్ములు, కళ్ళు కూడా కనపడనంత ఉన్ని. వీటిని మన గొర్రెల మీదికి వదిలితే పుట్టే పిల్లలకు ఉన్ని వస్తుంది, రెండు మూడు తరాల్లో కోనసీమ అంతా ఉన్ని సీమ అవుతుంది అని దొర నమ్మకం. మంచివాడే. కష్టపడేవాడు. ఎండలో మాతో సమానంగా తిరిగేవాడు. కాకపోతే కాగితం మీద ఉన్నదాన్ని కంటికి కనపడినదాని కన్నా ఎక్కువ నమ్మేవాడు.

నాకు అప్పగించిన మొదటి పని, ఈ సీమ గొర్రె ఎలాంటిది, దాని జాతి ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చింది అన్నది విచారించి రాయడం. అప్పుడు ముసురు పట్టి ఉంది. గోదావరి ఎర్రగా ఉరకలేస్తోంది. పడవ కోసం గొడుగు పట్టుకుని బయలుదేరుతుంటే మా పెద్ద గుమాస్తాగారు పిలిచారు. ఆయన నలభై ఏళ్ళుగా కలం పట్టినవాడు. నాకు పని నేర్పినవాడు.

"ఎక్కడికయ్యా ఈ వానలో?"

"లంకకండీ. గొర్రెల్ని చూసి రాద్దామని."

"గొర్రెని చూడ్డానికి గోదారి దాటాలా? రేపు అమలాపురం సంత. అరుగు మీద కూర్చో, అవే నీ ముందు నుంచి నడుస్తాయి. దొరగారు మన దస్తూరీ చూస్తారు గాని మన కాళ్ళకి బురదుందో లేదో చూస్తారా?"

ఆయన్ని తప్పుపట్టడం లేదు. గొడుగు మూసింది నేనే. మర్నాడు సంత పక్కన అరుగు మీద కూర్చున్నాను. మాంసం కోతకు వచ్చిన గొర్రెలు నా ముందు నుంచి పోయాయి. మెట్ట నుంచి వచ్చినవి, దక్షిణం నుంచి తోలుకొచ్చినవి, నల్లవి, తెల్లవి, మచ్చలవి, కొమ్ములున్నవి, లేనివి. చూసి ఇలా రాశాను: "ఈ సీమ గొర్రెకు జాతి అనేది లేదు. రంగు ఒకటి కాదు, ఆకారం ఒకటి కాదు. నానా సీమల గొర్రెలు కలిసి పుట్టిన కలగూర మంద." కలగూర మంద అన్న మాట తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. దొర నా దస్తూరీని మెచ్చుకున్నాడు.

పది రోజులకు ఉత్తరువు వచ్చింది. జాతి లేని పొట్టేళ్ళ సంతానం పెరగడం వల్ల లాభం లేదు గనక, రెండు లంకల్లోనూ మేసే నాటు పొట్టేళ్ళన్నింటికీ విత్తు కొట్టించాలి, ఇక మీదట మందల్లో ఉన్ని పొట్టేళ్ళే ఉండాలి, ఒప్పుకోనివాళ్ళు లంక వదిలిపోవాలి. దిగువ లంకలో ఆ ఏడాది పొట్టేళ్ళు లేవు. ఎగువ లంక వాళ్ళవే అక్కడికీ తోలుకెళ్ళేవారు. కాబట్టి ఆ ఉత్తరువు పట్టుకుని, విత్తు కొట్టే మనిషిని వెంటబెట్టుకుని ఎగువ లంకకు వెళ్ళాను. లంక మీద కాలు పెట్టడం నాకు అదే మొదలు.

అక్కడి మంద ఒక ముసలావిడది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. సన్నగా, నిటారుగా ఉండేది. మోకాళ్ళ దాకా ఎగగట్టిన చీర, చేతిలో వెదురు గెడ. నేను ఉత్తరువు చదివి అర్థం చెప్పాను. ఆవిడ చివరి దాకా విని ఒక్క మాట అడిగింది.

"మా గొర్రెకి జాతి లేదని రాసిందెవరండి, బాబుగారూ?"

నా నోట నిజం రాలేదు. "పైనుంచి వచ్చిందమ్మా" అన్నాను.

"ఆయ్. పైనున్నోళ్ళు ఎప్పుడొచ్చి సూసేరండీ?"

పని మొదలుపెట్టమని నా వెంట వచ్చిన మనిషికి సైగ చేశాను. ఆ పూట రెండు పొట్టేళ్ళకు పని జరిగిపోయింది. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. ఒక్కొక్క పొట్టేలు తలనూ తన ఒళ్ళో పెట్టుకుని అయిపోయేదాకా చెవి నిమురుతూ కూర్చుంది. మూడోది పాయకు అవతలి ఒడ్డున మేస్తోంది. ఎత్తుగా, ఇటుక రంగు ఒంటితో, మెడ ఎత్తి మమ్మల్నే చూస్తోంది. ఆవిడ అటు చూడలేదు. నేను చూశాను. పుస్తకంలో "రెండు" అని రాసి మూసేశాను. ఉద్యోగంలో నేను తెలిసి రాసిన మొదటి అబద్ధం అది. దానికి నేను ఇప్పటికీ సిగ్గుపడను.

పడవ ఎక్కబోతుంటే ఆవిడ వెనక నుంచి పిలిచింది. "ఎలాగూ బురదలో దిగేరు గదండి. ఓసారి సూసి ఎల్లండి."

చూశాను. ఒక గొర్రెను పట్టుకుని నా చేత ముట్టించి చెప్పింది. ఒంటికి ఉన్ని లేదు, పొట్టి బొచ్చు, పామితే అరచేతికి నున్నగా తగిలింది. కాళ్ళు పొడుగు, పొట్ట నేలకు ఎత్తున ఉంది. గిట్టలు నల్లగా, రాయిలా ఉన్నాయి, వేళ్ళ మధ్య సందు వెడల్పు. చెవులు ఆకుల్లా కిందికి వాలి ఉన్నాయి. ముక్కు దూలం కొంచెం వంపు. మెడ కింద రెండు మెడచన్నులు. తోక బెత్తెడు కూడా లేదు. తరవాత ఇంకోదాన్ని పట్టుకుంది, ఆ తరవాత ఇంకోదాన్ని. అన్నీ అంతే. ఒక్క అచ్చులో పోసినట్టు.

"ఎక్కడివమ్మా ఇవి?" అని అడిగాను. దొర అడగమన్న ప్రశ్నను అడగవలసిన మనిషిని అడగడం అప్పటికి కుదిరింది.

"మావోళ్ళు మెట్ట నుంచి వచ్చేరంటండి. మా అత్తగారి అత్తగారు చెప్పేది. వచ్చినప్పుడు వాటికి ఉన్నుండేదండి. మొదటి వానాకాలం గిట్టలు కుళ్ళి మందకి మంద పోయింది. నలభైలో ఆరు మిగిలేయంట. ఆ ఆరూ కాళ్ళు పొడుగువీ, గిట్ట నల్లవీనండి. దక్షిణం నుంచి బొచ్చు పొట్టేలొకటి తోలుకొచ్చి వాటి మీదికి వదిలేరు. ఆ పిల్లల్లో మళ్ళీ గోదారి ఏరింది. వరదొచ్చినప్పుడల్లా ఏరింది. మేం ఏరిందేముందండీ? గోదారి వదిలేసిన వాటిలోంచి పొట్టేలుని ఎంచుకున్నాం, అంతే."

"ఎలా ఎంచుతారు?"

"తల్లిని బట్టండి. రెండు వరదలు దాటి, రెండు వానాకాలాల్లోనూ పిల్లని బతికించుకున్న తల్లి కడుపున పుట్టిందే పొట్టేలవుద్ది. మిగతావన్నీ సంతకే."

తరవాత తన మందలోని తల్లుల వరసలు చెప్పింది. కరిమూతి కూతురు పొడుగుచెవి, పొడుగుచెవి కూతురు గంతులది, దాని కూతురు ఇది. ఒక్కొక్క వరసా తొమ్మిది పది తరాలు వెనక్కి వెళ్ళింది. మా ఇంట్లో తద్దినం నాడు మూడు తరాల పేర్లు చెప్పడానికి మా నాన్నగారు తడుముకునేవారు. ఆ పూట నుంచి నేను ప్రతి వారమూ లంకకు వెళ్ళి ఆవిడ చెప్పినవి ఒక వేరే పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను.

ఆ ఏటి వానలు ఉన్ని పొట్టేళ్ళను కుదేలు చేసేశాయి. తడిసిన ఉన్ని ఆరేది కాదు. తోలుకి పురుగు పట్టింది. గిట్టలు కుళ్ళి మోకాళ్ళ మీద మేశాయి. మేము వేపనూనె రాశాం, ఎండుగడ్డి పరిచాం, దొర స్వయంగా గిట్టలు కడిగాడు. ఒక పొట్టేలు ఆయన చేతుల్లోనే పోతే, ఆయన ముఖం అవతలికి తిప్పుకోవడం నేను చూశాను. పదకొండింటిలో నాలుగు మిగిలాయి. నెలలు గడిచాక వాటికి పుట్టిన పిల్లలు కూడా అలాగే రాలిపోతున్నాయి. అదే గడ్డి మీద ఆ మూడో పొట్టేలు పిల్లలు రెండు లంకల్లోనూ గంతులేస్తున్నాయి. అది దొర కంట పడనే పడింది.

"నాటు పొట్టేళ్ళకు విత్తు కొట్టించామన్నావు. ఇవి ఎవరి పిల్లలు?" అని అడిగాడు.

మూడో పొట్టేలు సంగతి చెప్పేశాను. ఆయన కోపంతో ఎర్రబడ్డాడు. అప్పుడే ఆయనకు తెలిసిన, పశువుల జాతులు ఎరిగిన దొర ఒకాయన చూడవచ్చి ఉన్నాడు; పశువుల దొర అనేవాళ్ళం. పెద్దవాడు. తన దేశంలో గొర్రెల కాపరుల ఇంట పుట్టినవాడట. ఆయన పిల్లల్ని ఎత్తి చూసి, "ఇవి ఒక జాతిలా ఉన్నాయే" అన్నాడు.

"కాదు. మా గుమాస్తా విచారించి రాశాడు" అని మా దొర నా కాగితం తీసి చూపించాడు. కలగూర మంద అన్న మాట ఆయన నోట విన్నప్పుడు నా చెవులు కాలిపోయాయి.

పశువుల దొర ఒక ఉపాయం చెప్పాడు. జాతి లేకపోతే వీటి పిల్లల్ని సంత పిల్లల్లో కలిపితే ఎవరూ ఏరలేరు. జాతి ఉంటే తెలిసినవాళ్ళు చేత్తో తడిమి చెప్పగలరు. నేను అది తెలుగులో, పక్కనే ఉన్న ముసలావిడకు చెప్పాను.

"ఆయ్. మా మందలోవి వద్దండి. వాటి అరుపు పట్టే గుర్తుపట్టేస్తాను, అదేం గొప్ప కాదు. దిగువ లంక పిల్లల్ని తెప్పించండి. మా చెల్లెలి మందవి. అక్కడికెల్లి ఏడాదైంది, ఈ యేటి పిల్లల్ని నేను సూళ్ళేదు. నా కళ్ళకి గుడ్డ కట్టండి." గెడ నేలకు ఆనించి, "ఒక్కటి తప్పినా సరేనండి, పొట్టేలుని మీరన్నట్టే చేయించండి" అంది.

ఆ చివరి మాట తెలుగులోనే వదిలేయాలనిపించింది. కాని ఆవిడ నా ముఖం వంకే చూస్తోంది. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను.

మర్నాడు పొద్దున్న ముక్తేశ్వరం రేవు పక్కన తడికెల దొడ్డి కట్టించారు. దిగువ లంక పిల్లలు పన్నెండు, సంత పిల్లలు పద్దెనిమిది. లంకల్లో పుట్టిన పిల్లల మెడలకు రాగి బిళ్ళ కట్టించి, తల్లి ఏదో రాసుకోవడం నా పనే; సంత పిల్లలకూ ఆ రకం బిళ్ళలే కట్టాం. ఏ అంకె ఎక్కడిదో నా పుస్తకంలో ఉంది. మూడో పొట్టేలును పక్కనే గుంజకు కట్టారు. విత్తు కొట్టే మనిషి దాని దగ్గర కూర్చున్నాడు.

ఆవిడ కళ్ళకు రెండు చుట్లు గుడ్డ కట్టారు. ఒక్కొక్క పిల్లనూ అందిస్తుంటే చెవి వాలు, తోక, వేళ్ళ సందు తడిమి, చివర బొచ్చుకి ఎదురుగా అరచెయ్యి తోసేది. "మాది." "కాదండి." "కాదు." "మాది." నేను అంకెలు చూసి అవుననో కాదనో గట్టిగా చెబుతున్నాను. ఇరవై పిల్లలయ్యేసరికి చూడవచ్చిన జనం తడికెల మీదికి ఒరిగి లెక్కపెడుతున్నారు. ఇరవై ఆరో పిల్లను అందించారు. ఇటుక రంగుదే. ఆవిడ చెవి పట్టుకుంది, గిట్ట నొక్కింది, బొచ్చులో వేళ్ళు పెట్టి ఆగింది. మళ్ళీ మొదటి నుంచి తడిమింది.

"ఇది మా గొర్రె పాలు తాగిందేమోనండి. మా గొర్రె కన్నది మాత్రం కాదు."

నేను బిళ్ళ చూశాను. పుస్తకం చూశాను. దిగువ లంక, పన్నెండో పిల్ల.

మా దొర నా భుజం మీదుగా ఆ పంక్తి చదివాడు. "తప్పింది" అన్నాడు. విత్తు కొట్టే మనిషి లేచి నిలబడ్డాడు.

ఆ క్షణంలో నాకు జ్ఞాపకం వచ్చింది. ఆ పన్నెండో పిల్లను రాసిన రోజు దిగువ లంక రేవు మోకాలి లోతు బురద. ఎగువ లంకలో గంటల తరబడి నిలబడి అలసిపోయి ఉన్నాను. పడవలో నుంచే చూస్తే ఒక పిల్ల ఒక గొర్రె దగ్గర పాలు తాగుతోంది. తల్లి అదే అని రాసి, బిళ్ళ కాపరి చేతికి విసిరి, పడవ తిప్పించేశాను. నోరు మూసుకుంటే నా పుస్తకం నిలబడుతుంది, నా కొలువు నిలబడుతుంది. పెద్ద గుమాస్తాగారు నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. చెప్పొద్దని.

"తప్పింది ఆవిడ కాదండి. నేను" అన్నాను. ఇంగ్లీషులో ఒకసారి, అందరికీ తెలిసేలా తెలుగులో ఒకసారి. పడవ దిగకుండా రాశానని చెప్పాను. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేకపోయాను. ఆ కలగూర మంద కాగితం కూడా సంత అరుగు మీద కూర్చుని, లంక ముఖం చూడకుండా రాసిందేనని చెప్పేశాను. ఆవిడ కళ్ళకు ఇంకా గుడ్డ ఉంది. నా గొంతు వచ్చిన వైపు తల తిప్పి వింది.

పశువుల దొర పడవ పంపించాడు. దిగువ లంక కాపరిని తీసుకురావడానికి మధ్యాహ్నం దాటింది. అంతసేపూ ఆవిడ గుడ్డ విప్పనివ్వలేదు. "లెక్క తేలేదాకా ఉండనివ్వండి" అంది. కాపరి రేవులో దిగీ దిగకముందే పిల్లను చూసి గుర్తుపట్టాడు.

"ఇది మెట్టోళ్ళ గొర్రె పిల్లండి. మంద పాయ దాటిస్తుంటే తల్లి పోయింది. మా గొర్రెకి పిల్ల సచ్చిపోయి పాలుంటే, దీన్ని అలవాటు చేసేను. గుమాస్తాగారు దిగుంటే సెప్పేవోణ్ణేనండి."

పశువుల దొర ఆ పిల్ల బొచ్చు విడదీసి చూపించాడు. అడుగున పలచగా ఉన్ని. వేళ్ళ సందు ఇరుకు. తెలిశాక ఎవరికైనా కనపడుతుంది. తెలియక ముందు ఒక్క మనిషి చేతికి తెలిసింది. మిగిలిన నాలుగు పిల్లల్నీ కూడా ఆవిడ తప్పు లేకుండా చెప్పింది. అప్పుడు గాని గుడ్డ విప్పనివ్వలేదు.

మా దొర ఆ తరవాత వెళ్ళి తన చేత్తోనే పొట్టేలు కట్టు విప్పాడు. నా దగ్గరికి వచ్చి, "నీ కాగితం నమ్మి ఏడాది పోగొట్టుకున్నాను" అన్నాడు. నేను తల వంచుకున్నాను. "ఇంకో కాగితం రాయి. ఇక్కడే, ఇప్పుడే" అన్నాడు.

రేవు మెట్ల మీద కూర్చుని రాశాను. ఒక్కొక్క వాక్యమూ ఆవిడను అడిగి, పిల్లను ముట్టుకుని చూసి రాశాను. రంగు, బొచ్చు, చెవి, ముక్కు, గిట్ట, మెడచన్నులు, తోక. మెట్ట గొర్రెకు దక్షిణపు బొచ్చు పొట్టేలు కలవడం, వరదలకు నిలిచినవే మిగలడం, తల్లిని బట్టి పొట్టేలును ఎంచడం. పైన "లంక జాతి" అని శీర్షిక పెట్టాను. చివర, విచారణకు ఆధారం అన్న చోట ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా రాశాను.

"నా పేరెందుకండీ అందులో?" అని అడిగింది.

"చెప్పింది నువ్వు కదమ్మా."

"మరి ముందటి కాయితంలో ఎవరి పేరుందండీ?"

"నాదే."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఆయ్, తెలుసునండి. మొదటి రోజే తెలిసింది. పైనుంచి వచ్చిందన్నప్పుడు మీరు నేల సూసేరు" అంది. అని, నవ్వింది. ఆ నవ్వు కోసం ఎన్ని చీవాట్లయినా తినవచ్చు.

పెద్ద గుమాస్తాగారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున గొడుగు పట్టుకుని వచ్చి, "పద, ఆ లంకేదో నేనూ చూస్తాను" అన్నారు. బురదలో ఒక చెప్పు పోగొట్టుకున్నారు. దాన్ని గురించి చచ్చేదాకా నన్ను తిడుతూనే ఉన్నారు.

దొర మూడేళ్ళకు గుత్త వదిలేసి వెళ్ళిపోయాడు. ఉన్ని పొట్టేళ్ళలో ఒక్కటీ మిగల్లేదు. ఆ పొట్టేలు సంతానం మాత్రం రాజోలు, కొత్తపేట వైపు లంకలన్నింటికీ వెళ్ళింది. ఉద్యోగాల్లో చేరే కుర్రవాళ్ళకు నేను చెప్పగలిగింది ఎక్కువ లేదు. మంచి దస్తూరీ ఉన్నవాడు మరింత జాగ్రత్తగా ఉండాలి. అందంగా రాసిన తప్పును ఎవరూ తిరగేసి చూడరు.

ఈ మధ్య అంతర్వేది వెళ్ళినప్పుడు రేవు దగ్గర పడవ కోసం కూర్చున్నాను. పక్కన ఒక కాపరి ఒక పొట్టేలును తాడుతో పట్టుకుని నిలబడ్డాడు. నాకు తెలియని మనిషి. పాతికేళ్ళుంటాయేమో. ఇటుక రంగు పొట్టేలు, వాలిన చెవులు. నేను అదే పనిగా చూస్తుంటే అతనికి మాట్లాడాలనిపించింది.

"లంక జాతండి ఇది. మామూలు గొర్రె కాదు. దీని తల్లి పేరు సిలకండి, దాని తల్లి ఎర్రది.." అలా ఎనిమిది తొమ్మిది పేర్లు దాటి, "దాని తల్లి గంతులది, దాని తల్లి పొడుగుచెవి, దాని తల్లి కరిమూతి..." తడుముకోకుండా చెప్పుకుపోయాడు. ఆఖరికి ఆగి, నా తెల్ల పంచె వంక, చేతికర్ర వంక చూసి మర్యాదగా అడిగాడు.

"తమరికి గొర్రెల సంగతేమైనా తెలుసాండీ?"

"ఏదో, కొద్దిగా" అన్నాను.